నిలువు బై అడ్డం

పదో తరగతి లెక్కల్లో సరళరేఖ వాలు చాలా చిన్న పాఠం. పరీక్షలో ఒక చిన్న ప్రశ్నగా వస్తుంది, ఒక్కోసారి అసలే రాదు. చాలామంది టీచర్లు ఒక పీరియడ్‌లో ఫార్ములా రాసి, రెండు లెక్కలు చేయించి ముందుకు పోతారు. నేను మాత్రం ఉద్యోగం చేసినన్నాళ్లూ ఆ పాఠానికి వారం తీసుకున్నాను. దానికోసం హెడ్మాస్టర్ల చేత మాటలు పడ్డాను. అయినా మానలేదు.

మాది హిందూపురం. ధర్మవరం దాకా ఉన్న ఊళ్లలో నాలుగైదు హైస్కూళ్లలో లెక్కలు చెప్పి, ఈమధ్యే రిటైరయ్యాను. కొత్తగా ఉద్యోగంలో చేరిన లెక్కల టీచర్లు అప్పుడప్పుడు ఇంటికి వస్తుంటారు. సిలబస్ ఎలా పూర్తి చేయాలి, వెనకబడిన పిల్లలను ఎలా గట్టెక్కించాలి అని అడుగుతారు. నాకు తెలిసింది చెబుతాను గానీ, మాట తిరిగి తిరిగి ఈ పాఠం దగ్గరికే వస్తుంది. ఒకసారి కాగితం మీద పెడితే మంచిదనిపించి రాస్తున్నాను. బదిలీలు, ఇంక్రిమెంట్ల సంగతులు ఇందులో ఉండవు. పిల్లలు ఉంటారు, కొందరు పైఅధికారులు ఉంటారు, చివర్లో ఒక ర్యాంపు ఉంటుంది.

పొడుగు గీత, నిటారు గీత

గోరంట్ల వైపు ఒక ఊళ్లో పనిచేస్తున్నప్పుడు మా పదో తరగతి పిల్లలు ఫార్ములాలో దిట్టలు. రెండు బిందువులు ఇస్తే చాలు, వై రెండులోంచి వై ఒకటి తీసేసి, ఎక్స్ రెండులోంచి ఎక్స్ ఒకటి తీసేసి, భాగించి, చిటికెలో జవాబు చెప్పేవాళ్లు. నాకూ సంతోషంగానే ఉండేది.

ఒకరోజు ఊరికే బోర్డు మీద రెండు గీతలు గీశాను. ఒకటి పొట్టిది, బాగా నిటారుగా ఉంది. రెండోది బోర్డు ఈ కొస నుంచి ఆ కొస దాకా పొడుగ్గా, మెల్లగా పైకి పోతోంది. "వీటిలో దేని వాలు ఎక్కువ?" అని అడిగాను.

క్లాసంతా పొడుగు గీతను చూపించింది.

"ఎందుకు?" అన్నాను.

"అదే గదా మేడం పెద్దది! ఎంత దూరం పోయుండాదో చూడండి" అన్నాడు ముందు వరుసలో కూర్చున్న పిల్లవాడు.

అప్పటిదాకా వాళ్లు చేసిన లెక్కలన్నీ సరైనవే. కానీ వాలు అనే మాట వాళ్ల మనసులో అంకెగా ఉందే తప్ప ఏటవాలుగా లేదు. ఆరోజు పుస్తకం మూసి, పిల్లలను బయటికి తీసుకుపోయాను. బడి వెనక ఎత్తైన బండ ఉండేది. దానికి ఒకపక్క గొర్రెలు కూడా ఎక్కగలిగేంత మెల్లటి వాలు, ఇంకోపక్క చేతులు ఆనించి పాకాల్సినంత నిటారు. రెండుపక్కలా ఎక్కించాను. రొప్పుతూ పైకి వచ్చినవాళ్లను అదే ప్రశ్న మళ్లీ అడిగాను.

"పొట్టిదే మేడం! పొట్టి పక్కే మోకాళ్లు నొప్పి పుట్టింది!"

ఎంత పైకి ఎక్కాము, దానికోసం నేల మీద ఎంత ముందుకు పోయాము. ఈ రెండింటినీ పోల్చడమే వాలు. ఆ బండ దిగి వస్తూ పిల్లలే దానికి "నిలువు బై అడ్డం" అని పేరు పెట్టారు. ఆ తరవాత నేను ఏ బడికి పోయినా అదే మాట వాడాను.

రైలు కిటికీలోంచి

పెనుకొండలో పనిచేసిన ఏళ్లు రోజూ హిందూపురం నుంచి పాసింజరు బండిలో పోయి వచ్చేదాన్ని. పట్టాల పక్కన పొట్టి స్తంభాలు కనబడేవి. స్తంభానికి రెండువైపులా రెండు పలకలు, వాటి మీద అంకెలు. ఒక పలక పైకి వంగి ఉంటే ఇంకోటి కిందికి. పట్టాలు అక్కడినుంచి ఎంత ఏటవాలుగా పోతాయో డ్రైవరుకు తెలియజేసే గుర్తులవి. నూరు అని ఉంటే, నూరడుగులు ముందుకు పోతే ఒక అడుగు ఎత్తు మారుతుందని అర్థం.

ఒకరోజు ఆ స్తంభం బొమ్మ బోర్డు మీద వేసి, ఒక పలక మీద నూరు అని, ఇంకోదాని మీద రెండువందలు అని రాశాను. "ఇంజనుకు ఎక్కడ ఎక్కువ కష్టం?" అన్నాను.

సగం క్లాసు రెండువందల దగ్గర అంది, అంకె పెద్దది కాబట్టి. మిగతా సగం నూరు దగ్గర అంది గానీ, ఎందుకో చెప్పలేకపోయింది. అరుపులు మొదలయ్యాయి. నేను కలగజేసుకోలేదు. కొత్త టీచర్లకు ఇది గట్టిగా చెబుతాను: పిల్లలు లెక్క గురించి కొట్లాడుకుంటుంటే ఆపొద్దు. అంతకంటే మంచి చప్పుడు క్లాసులో దొరకదు.

చివరికి ఒక అమ్మాయి లేచి, "ఏయ్, గమ్మునుండండి. ఒకడుగు ఎక్కేదానికి నీకు రెండునూర్ల అడుగులు ఇచ్చినాడు. వానికి నూరే ఇచ్చినాడు. ఎవురికి కష్టం?" అంది. క్లాసు సద్దుమణిగింది. అడ్డం పెరిగితే వాలు తగ్గుతుందన్న సంగతి ఆ అమ్మాయి చెప్పినంత తేటగా పుస్తకంలో లేదు.

ఆ బడికే ఒక అధికారి తనిఖీకి వచ్చారు. వెనక బెంచీ అబ్బాయిని లేపి, "వాలు అంటే ఏమి?" అని అడిగారు. వాడు పుస్తకంలో వాక్యం చెప్పలేదు. అరచేతిని ముందుకు చాపి బల్లపరుపుగా పెట్టి, "ఇట్లుంటే సున్నా సార్" అన్నాడు. చేతిని మెల్లగా పైకి వంచుతూ, "ఇట్ల పెరుగుతా పోతాది" అన్నాడు. పూర్తిగా నిలబెట్టి, "ఇట్లయితే చెప్పేదానికే కాదు సార్, అడ్డం లేనే లేదు" అన్నాడు. కిందికి వంచి, "ఇది మైనస్" అని కూర్చున్నాడు.

పిల్లలకు నిర్వచనం రాదని ఆ అధికారి రిపోర్టులో రాసిపోయారు. నాకు నవ్వొచ్చింది. ఆయన చెడ్డవాడేమీ కాదు, ఆయన వెతుకుతున్నది వాక్యం. అర్థం ఆయన కళ్ల ముందే నిలబడింది, గుర్తుపట్టలేదు. తనిఖీకి వచ్చేవాళ్లు ఏం రాస్తారోనని పిల్లల చేత వాక్యాలు బట్టీ పట్టించకండి. నా ఉద్యోగం ఆ రిపోర్టు వల్ల పోలేదు, మీదీ పోదు.

మౌనిక

నేను చివరగా పనిచేసింది చెన్నేకొత్తపల్లి, ధర్మవరం మధ్య ఉన్న ఒక ఊళ్లో. అక్కడ మౌనిక అనే అమ్మాయి ఉండేది. చిన్నప్పటి నుంచి కాళ్లు పనిచేయవు, చక్రాల కుర్చీలో వచ్చేది. వాళ్ల నాయన ఓబులేసు గొర్రెలు కాసేవాడు. పొద్దున మందను తోలుకుపోతూ కూతుర్ని బడి దగ్గర దించేవాడు. చేతులతో చక్రాలు తిప్పుకుంటూ మౌనిక ఊరంతా తిరిగేది. మట్టి రోడ్డు మీద కూడా ఎవరినీ తోయనిచ్చేది కాదు.

ఆ ఏడాది పదో తరగతిని కొత్త భవనంలోకి మార్చారు. భవనం పునాది మూడడుగుల ఎత్తు. మెట్ల పక్కన ర్యాంపు కట్టారు గానీ, అది జారుడుబండలా ఉండేది. ఇద్దరు మగపిల్లలు వెనకనుంచి బలమంతా పెట్టి తోస్తేగానీ కుర్చీ పైకి పోయేది కాదు. మౌనిక తల వంచుకుని కూర్చునేది. 

ఒకరోజు వానకు ర్యాంపు తడిసి ఉంది. తోస్తున్న ఇద్దరిలో గంగాధర కాలు జారింది. కుర్చీ వెనక్కి దొర్లి పక్కకు ఒరిగింది. దెబ్బ పెద్దది కాదు, మోచెయ్యి గీరుకుపోయింది. కానీ సాయంత్రం ఓబులేసు వచ్చి నా ముందు చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

"చాలు మేడం. చదివిన కాడికి చాలు. ఇంటికాడ ఉంటాది."

"పరీక్షలు దగ్గరపడినాయి ఓబులేసూ. ఇప్పుడు మానిపిస్తే ఎట్లా?"

"పిల్లకు ఏమన్నా అయితే నేను ఎవురికి చెప్పుకోవల్ల? మీరే చెప్పండి."

 మౌనికే కలగజేసుకుని, "నాయనా, నేను పడింది నా వల్ల కాదు. ఆ ర్యాంపు వల్ల" అంది.  వాళ్ల నాయన ఆమెను చూసి, "వారం చూస్తా. అంతే" అని తీసుకుపోయాడు.

అప్పుడు మా క్లాసులో నడుస్తున్నది వాలు పాఠమే. రాత్రి అన్నం తింటూ ఆ సంగతి తట్టింది. అది తట్టాక కూరలో ఉప్పుందో లేదో కూడా తెలియలేదు.

కొలత

మరుసటి రోజు క్లాసును ర్యాంపు దగ్గరికి తీసుకుపోయి, "దీని వాలు చెప్పండి" అన్నాను.

గంగాధర టేపు పట్టుకుని ర్యాంపు కింది కొస నుంచి పై కొస దాకా, సిమెంటు మీదనే కొలిచాడు. "అడ్డం పన్నెండడుగుల నాలుగంగుళాలు!" అని అరిచాడు.

"అది అడ్డం కాదు" అంది మౌనిక.

"మరేంది?"

"అది ఏటవాలు పొడుగు. అడ్డం అంటే కింద నేల మీద కొలవల్ల, పడుకోబెట్టి."

"నాలుగంగుళాల తేడాకు ఏమైతాదిలే మౌనికా!"

 "సరే, నీ లెక్కన ఈ గోడను కొలువు. గోడ ఎత్తు ఎంతో దాని మీద పొడుగూ అంతే. నిలువు బై అడ్డం ఒకటి వస్తాది. పదడుగులు పోతే పదడుగులు ఎక్కే రోడ్డుకూ వాలు ఒకటే గదా. గోడా రోడ్డూ ఒకటేనా? గోడ మీద సైకిల్ తొక్కుతావా?"

క్లాసంతా ఘొల్లుమంది. గంగాధర కూడా నవ్వి, టేపు ఆమె చేతికిచ్చాడు. ఇన్నేళ్లుగా ఆ తప్పును నేను నానా రకాలుగా సరిచేశాను. గోడ ఉదాహరణ మాత్రం నాకెప్పుడూ తట్టలేదు. అక్కడే నిలబడి చప్పట్లు కొట్టాను.

ఎత్తు కొలవడానికి క్లాసులో రేష్మ అనే అమ్మాయి వాళ్ల నాయన దగ్గరినుంచి నీళ్ల ట్యూబు తెచ్చింది. ఆయన పేరు మస్తాన్, ఊళ్లో మేస్త్రీ. సన్నటి ప్లాస్టిక్ గొట్టంలో నీళ్లు నింపి రెండు కొసలూ పైకి పట్టుకుంటే, ఎంత దూరంలో ఉన్నా నీళ్లు రెండుపక్కలా ఒకే మట్టంలో నిలుస్తాయి. దాంతో కొలిస్తే నిలువు మూడడుగులు, అడ్డం పన్నెండడుగులు. వాలు నాలుగింట ఒక వంతు.

"చక్రాల కుర్చీ సొంతంగా ఎక్కాలంటే ఒకడుగు నిలువుకు పన్నెండడుగుల అడ్డం ఉండాలి. అదీ నిబంధన" అని చెప్పాను.

పిల్లలు లెక్క కట్టారు. మూడడుగుల నిలువుకు ముప్పయ్యారు అడుగుల అడ్డం కావాలి. భవనం ముందు ప్రహరీ గోడ దాకా ఉన్నది ఇరవై అయిదు అడుగులే.

క్లాసు చల్లబడిపోయింది. "స్థలం లేదు మేడం" అని ఎవరో అన్నారు. మౌనిక మాత్రం దూరంగా గుట్ట వైపు చూస్తోంది.

"మేడం, మా గొర్రెలు గుట్ట ఎక్కేటప్పుడు నిట్టనిలువుగా పోవు. ఇట్లా కొంచెం దూరం పక్కకు పోయి, తిరుక్కోని, మళ్లీ అట్లా పక్కకు పోతాయి. మనమూ భవనం కాడ మొదలుపెట్టి, పక్క గోడెంబడి పద్దెనిమిది అడుగులు పోయి, ఆడ తిరుక్కోని, వెనక్కి పద్దెనిమిది అడుగులు వస్తే?"

గంగాధర అప్పటికే చాక్‌పీసుతో నేల మీద గీస్తున్నాడు. రేష్మ మలుపు దగ్గర కుర్చీ తిరగడానికి ఎంత చోటు కావాలో, మౌనికను నిజంగానే తిప్పించి కొలుస్తోంది. సరిపోతుంది! పిల్లలు కేకలు పెట్టిన తీరుకు, స్టాఫ్ రూములోంచి సోషల్ మేడం పరిగెత్తుకొచ్చి పామేమైనా వచ్చిందా అని అడిగింది.

హెడ్మాస్టరు గారు కుర్చీలో

మా హెడ్మాస్టరుకు నూరు శాతం ఫలితాలంటే ప్రాణం. ఏ పాఠం ఎప్పుడు పూర్తవుతుందో ఆయన గదిలో గోడ మీద రాసి ఉండేది. పిల్లలు గ్రాఫు కాగితం మీద గీసిన కొత్త ర్యాంపు చూపించి, విషయం చెప్పాను.

"మేడం, ఉన్న ర్యాంపును పగలగొడితే పైనోళ్లు నన్ను అడుగుతారు. అయినా కొంచెం నిటారుగా ఉండాది, అంతే గదా. పిల్లలు తోస్తాండారు. ఇంకేం కావల్ల?"

నేను ఏదో అనబోయేలోగా గుమ్మం దగ్గర మౌనిక గొంతు వినబడింది. "సార్, మీరొకసారి ఎక్కి చూస్తారా?"

 ఆయన కోప్పడతారనుకున్నాను. ఆయన కళ్లజోడు తీసి, తుడిచి, మళ్లీ పెట్టుకున్నారు. "సరే పా" అన్నారు.

మౌనికను బెంచీ మీద కూర్చోబెట్టి, ఆయన చక్రాల కుర్చీలో కూర్చున్నారు. బడంతా కిటికీల్లోకి వచ్చింది. వెనక పట్టుకోవడానికి గంగాధర, ఇంకో అబ్బాయి నిలబడ్డారు. హెడ్మాస్టరు చొక్కా చేతులు మడిచి చక్రాలు తిప్పారు. రెండడుగులు ఎక్కింది. ముఖం ఎర్రబడింది. పళ్లు బిగించి ఇంకో అడుగు ఎక్కించారు. అక్కడితో పట్టు తప్పింది, కుర్చీ వెనక్కి జారింది, పిల్లలిద్దరూ పట్టేశారు.

"సార్, వదలండి, మేము తోస్తాం" అన్నాడు గంగాధర.

"వద్దబ్బా, వద్దు" అన్నారాయన. తోయించుకోవడం ఎలా ఉంటుందో ఆ క్షణంలో ఆయనకు తెలిసిందనుకుంటాను. కుర్చీలోంచి లేచి, రొప్పుతూ ర్యాంపును కింది నుంచి పైదాకా చూశారు. "దీన్ని కట్టినోనికి లెక్కలు చెప్పింది ఎవురప్పా?" అన్నారు. నవ్వని మనిషి లేడు. అందరికంటే గట్టిగా నవ్వింది మౌనిక.

అప్పటినుంచి ఆ పని ఆయనది. పైవాళ్లతో ఆయనే ఫోన్లలో మాట్లాడి ఒప్పించారు. నా సర్వీసులో చాలామంది హెడ్మాస్టర్లను చూశాను. తప్పు చేయని మనిషి ఎక్కడా ఉండడు. చూపిస్తే చూసే మనిషి దొరికితే, ఆ బడిలో ఎన్నేళ్లయినా సంతోషంగా పనిచేయవచ్చు.

మస్తాన్ మేస్త్రీ పనికి ఒప్పుకున్నాడు గానీ, గీత చూసి తల పట్టుకున్నాడు. "ఏమప్పా ఇది, ర్యాంపు కడతాండామా, ఘాట్ రోడ్డు ఏస్తాండామా?" కొంచెం పొట్టి చేద్దామని రెండుసార్లు అడిగాడు. రెండుసార్లూ ఆయన కూతురు రేష్మే ఒప్పుకోలేదు. నీళ్ల ట్యూబు పట్టుకుని ప్రతి వరుసా తనే సరిచూసింది. ఓబులేసు గడువు దాటిపోతోందని నేను భయపడ్డాను. కానీ ఆ ఆదివారం ఆయన గొర్రెలను తమ్ముడికి అప్పజెప్పి, తలకు గుడ్డ చుట్టుకుని, రాళ్లు మోయడానికి వచ్చాడు.  సాయంత్రం పోతూ మలుపు దగ్గర ఆగి, "ఈడ తిరుగుతాదా కుర్చీ?" అని ఒక్కమాట అడిగాడు. తిరుగుతుందన్నాను. తలూపి పోయాడు.

ఆ పొద్దున

సిమెంటు ఆరాక మొదటి రోజు బడంతా ముందు చేరింది. మౌనిక ర్యాంపు కింద కుర్చీ నిలిపింది. ఓబులేసు వెనక నిలబడి, చేతులు కుర్చీ మీద పెట్టాడు.

"నాయనా, చేతులు తియ్" అంది.

ఆయన తీశాడు. ఆ చేతులను ఏం చేయాలో తెలియక తువ్వాలును పట్టుకున్నాడు.

మౌనిక చక్రాలు తిప్పింది. కుర్చీ కదిలింది. తొందర లేకుండా, ఆగకుండా గోడెంబడి పోయింది. మలుపు దగ్గర ఊపిరి తీసుకుని, కుర్చీని తిప్పి, మళ్లీ బయలుదేరింది. ఎవరూ అరవలేదు. వరండా మీదికి చేరి మా వైపు తిరిగాక మాత్రం ఊరు ఊరంతా వినబడేలా అరిచారు. మస్తాన్ ఈల వేశాడు. హెడ్మాస్టరు చప్పట్లు కొడుతూ కొడుతూ కళ్లజోడు తీసేశారు. ఓబులేసు తువ్వాలుతో ముఖం తుడుచుకుంటూ, "పైకి పోయింది మేడం, మా పిల్ల పైకి పోయింది" అని, నేను చూడనే లేదన్నట్టు నాకే చెబుతున్నాడు.

మౌనిక క్లాసులోకి పోలేదు. కిందికి దిగింది. మళ్లీ ఎక్కింది. మళ్లీ దిగింది. మొదటి బెల్లు కొట్టారు, అయినా ఎవరూ ఆమెను పిలవలేదు. ఆ పీరియడ్ నేను పాఠం చెప్పలేదు.

పదో తరగతి మంచి మార్కులతో పాసై, మౌనిక ఇప్పుడు ధర్మవరంలో డిగ్రీ చదువుతోంది. లెక్కలే తీసుకుంది. కానీ నేను మీకు చెప్పాలనుకున్నది ఆ మార్కుల గురించి కాదు.

ర్యాంపు కట్టిన కొన్నాళ్లకు, మధ్యాహ్నం భోజనాల వేళ నేను క్లాసులో కూర్చుని ఉన్నాను. బయట ఆరో తరగతి పిల్ల ఒకతె ర్యాంపు మీద పరిగెత్తి పరిగెత్తి అలసిపోయి, మౌనికను అడుగుతోంది.

"అక్కా, దీన్ని ఎందుకు ఇంత పొడుగు కట్టినారు?"

మౌనిక చాక్‌పీసు అడిగి తెప్పించుకుంది. కుర్చీలోంచి ముందుకు వంగి నేల మీద ఒక పొట్టి గీత, ఒక పొడుగు గీత గీసింది. రెండూ ఒకే ఎత్తుకు చేరుతున్నాయి. నిలువు, అడ్డం చూపించింది. నిలువు మారకుండా అడ్డం పెరిగేకొద్దీ ఏమవుతుందో చెప్పింది. నేను కిటికీ దగ్గరికి పోయి నిలబడ్డాను, కనబడకుండా. ఒక్కచోట కూడా నేను చెప్పినట్టు చెప్పడం లేదు. అంతా తన మాటల్లోనే చెబుతోంది.

ఆ పిల్ల గీతల వైపు చాలాసేపు చూసింది.

"అయితే అక్కా, అడ్డం ఇంకా ఇంకా పెంచుకుంటా పోతే? మా ఇంటికాడ నుంచే మొదలుపెడితే?"

"అప్పుడు వాలు సున్నాకు దగ్గర దగ్గరకి పోతాది. ఎక్కినట్టే తెలీదు నీకు" అంది మౌనిక. "కానీ నువ్వు క్లాసుకు చేరేలోపల లాంగ్ బెల్లు కొట్టేస్తారు."

ఇద్దరూ పగలబడి నవ్వారు. ఆ పిల్ల చాక్‌పీసు లాక్కుని, తన ఇంటి నుంచి బడి దాకా ఒక గీత గీయడం మొదలుపెట్టింది.